ఎన్ని గోలీలు తప్పినయి?

క్యాన్సరుకు ఇంట్లో కూర్చుని మందు మింగితే చాలంటే మా దగ్గర చాలామంది నమ్మరు. సెలైను సీసా వేలాడాలి, చేతికి సూది గుచ్చాలి, అప్పుడే అది వైద్యం. అరచేతిలో పెట్టిన గోలీని చూసి, "గింతదేనా?" అని అడుగుతారు. ఆ గింత గోలీని రోజూ, ఏళ్ల తరబడి, ఒంట్లో బాగున్న రోజూ బాగాలేని రోజూ మింగేలా చూడటమే నేను చేసిన ఉద్యోగం.

ఒక ట్రస్టు నడిపే మందుల కేంద్రంలో నర్సుగా పనిచేశాను. కేంద్రం జగిత్యాలలో ఉండేది. మంగళవారం కోరుట్ల, శుక్రవారం సిరిసిల్ల బస్సెక్కి, అక్కడి రోగులను చూసి వచ్చేదాన్ని. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు సన్మానం చేశారో ఇక్కడ రాయను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వచ్చిన పది నిమిషాలకే, "పేషెంట్లు మాట వినరు మేడం" అంటారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గంగవ్వ తెచ్చిన ఖాళీ పట్టీలు

ముందు నా తప్పు చెబుతాను.

గంగవ్వది రాయికల్. అరవైకి దగ్గర పడిన మనిషి. రొమ్ముకు ఆపరేషన్ అయింది, కీమో అయింది. ఆ తర్వాత ఐదేళ్లపాటు రోజూ ఒక గోలీ మింగాలని రాశారు. భర్త లేడు. కొడుకు దుబాయి పోయి, పనిలో పెట్టుకున్న కంపెనీ మూతపడి, అక్కడే కూలి పని వెతుక్కుంటూ తిరుగుతున్నాడు. ఇంట్లో కోడలు, మనవరాలు. అత్తాకోడళ్లు చేసే బీడీల మీదే ఇల్లు నడిచేది.

గంగవ్వ ప్రతి నెలా చెప్పిన తారీఖుకు వచ్చేది. గోలీలు అయిపోయిన ఖాళీ పట్టీలు కొంగుముడి విప్పి బల్ల మీద పెట్టేది. నేను లెక్కపెట్టేదాన్ని. ముప్పైకి ముప్పై.

"ఒక్కటి గుడ తప్పలే బిడ్డా" అనేది.

నాకు మహా సంబరం. ఒకరోజు వరసలో ఉన్నవాళ్లందరి ముందు ఆమెను నిలబెట్టి, "గంగవ్వను చూసి నేర్చుకోండ్రి. సదువు లేకున్నా ఎంత మంచిగ మింగుతున్నదో" అన్నాను. గంగవ్వ తల వంచుకుంది. సిగ్గుపడుతోంది అనుకున్నాను.

ఏడాది దాటాక నడుము నొప్పి అంటూ వచ్చింది. హైదరాబాదు పంపితే రోగం వెన్నెముకకు చేరిందని తేలింది. ఆ వారమే రాయికల్‌లో ఆమె ఇంటికి వెళ్లాను. గంగవ్వ మంచం మీద పడుకుని ఉంది. కోడలు వసారాలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. నేను కూర్చున్నానో లేదో, కోడలు చేతిలోని ఆకు పక్కన పెట్టి చెప్పేసింది.

"మేడం, ఇగ దాస్తే ఏం ఫాయిద? అత్త గోలీలు మింగలే. రోజుకొకటి తీసి పొయ్యిల ఏసింది. నేను ఎంత మొత్తుకున్నా ఇనలే."

గంగవ్వ వైపు తిరిగాను. "ఎందుకవ్వా గట్ల జేసినవ్? నాకెందుకు చెప్పలే?"

గంగవ్వ రెండు చేతులూ దుప్పటి మీద పెట్టి నాకు చూపించింది.

"గా గోలీ షురువు జేసిన రెండు నెలలకే ఏళ్లు కొయ్యలైనయి బిడ్డా. పొద్దుగాల పిడికిలి పట్టరాకపోవు. ఏళ్లు మల్గకుంటే బీడీ ఎట్ల జెయ్యాలె? ఆకు చుట్టాలె, దారం కట్టాలె, మూతి మడవాలె. గోలీ బంద్ వెట్టిన, ఏళ్లు మంచిగైనయి."

"నాకు ఒక్క మాట చెప్తే అయిపోతుండె కదవ్వా."

"ఎట్ల చెప్పాలె? నలుగుర్ల నిలవెట్టి నన్ను మెచ్చుకుంటివి. అటెన్క ఏ మొకం వెట్టుకొని చెప్పాలె? నువ్వు గోలీలు మింగినవా అని అడిగినవు. నా ఏళ్లు ఎట్లున్నయని ఎన్నడన్న అడిగినవా?"

ఆ గోలీతో కీళ్లు బిగుసుకుంటాయని నాకు తెలియక కాదు. శిక్షణలో చెప్పారు, నేను రాసుకున్నాను, పరీక్షలో కూడా రాశాను. రాయికల్‌లో కూర్చుని బీడీలు చేసే మనిషికి వేళ్లు బిగుసుకుంటే ఇంట్లో పొయ్యి వెలగదని మాత్రం ఆలోచించలేదు. డాక్టరు చెవిన వేసి ఉంటే మందు మార్చేవారు. దానికి బదులు వేరే గోలీ ఉంది.

మరుసటి వానాకాలం రాకముందే గంగవ్వ పోయింది. గోలీలు మింగి ఉంటే తప్పకుండా బతికేదని నేను ఒట్టేసి చెప్పలేను. రోజూ మింగినవాళ్లకు కూడా ఈ రోగం తిరగబెట్టడం చూశాను. కానీ ఆమెకు దక్కాల్సిన అవకాశం ఒకటి ఉండింది. అది దక్కకుండా చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆమె కాగితాల్లో చివర డాక్టరు గారు "మందు సరిగా వాడలేదు" అని రాశారు. నేను దాని కింద, "వేళ్లు బిగుసుకుని బీడీలు చేయలేకపోయింది. మేం అడగలేదు" అని రాసి సంతకం పెట్టాను. అలా రాయడం నాకు అదే మొదటిసారి.

అడిగే తీరు

గంగవ్వ పోయాక నేను "మింగుతున్నరా?" అని అడగడం మానేశాను. అలా అడిగితే అందరూ మింగుతున్నామనే అంటారు. మనం కోపం తెచ్చుకుంటామని వాళ్లకు తెలుసు.

"పోయిన నెల నాకే బీపీ గోలీలు మూడు తప్పినయి. నీకెన్ని తప్పినయి?" అని అడగడం మొదలుపెట్టాను. అబద్ధం కాదు, నిజంగానే నాకు తప్పేవి. ఆ ఒక్క మాటతో కుర్చీలో బిగుసుకుని కూర్చున్న మనిషి కొంచెం వెనక్కి వాలేవాడు. ఒకరు శనివారాలు ఒక్కపొద్దు కాబట్టి గోలీ వేసుకోనన్నారు. ఒకాయన చెల్లెలి పెళ్లి పనుల్లో వారమంతా మరిచిపోయానన్నాడు. ఒకామె గోలీ వాసనకే వాంతి వస్తోందని ఏడ్చింది. అన్నిటికీ ఏదో ఒక దారి ఉంటుంది. సంగతి చెబితే కదా దారి వెతికేది.

మా మేనేజరు సారుకు ఇది నచ్చలేదు. "నువ్వే వాళ్లకు తప్పొచ్చని చెప్తున్నవు సిస్టర్" అన్నాడు. "తప్పుతున్నయి సార్. నేను చెప్పకపోయినా తప్పుతున్నయి. నేను తెలుసుకుంటున్న, గంతే" అన్నాను. మా ఇద్దరికీ అప్పటినుంచే పడలేదు.

ఆయన చెడ్డవాడని మీరు అనుకోవద్దు. నిజాయితీపరుడు. ట్రస్టు మందులు బయటి దుకాణాలకు చేరతాయని ఆయన భయం. ఆ భయానికి కారణం లేకపోలేదు. అందుకే ఒక రూలు పెట్టాడు. రోగి ప్రతి నెలా స్వయంగా రావాలి, ఆ నెల మందు మాత్రమే తీసుకోవాలి. రెండు నెలలు వరసగా రాకపోతే పేరు కొట్టేయాలి. ఊళ్లో ఉండే మనిషికి సరిపోయే రూలు అది. ఊళ్లకు ఊళ్లు దుబాయికో, మస్కట్‌కో, భివండికో పోతున్న మా దగ్గర అది ఎలా నడుస్తుంది?

మల్లేశానికి వీసా వచ్చింది

మల్లేశం సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ముప్పై మూడేళ్లకు రక్త క్యాన్సరు వచ్చింది. రక్త క్యాన్సరుల్లో ఇది ఒక రకం, రోజూ ఒక గోలీ మింగితే చాలావరకు అణిగి ఉంటుంది. మానేస్తే లేస్తుంది. మల్లేశం రెండేళ్లుగా క్రమంగా మింగుతున్నాడు. రక్తం రిపోర్టులు మనలాంటి వాళ్లవి ఉన్నట్టే ఉండేవి.

ఒక శుక్రవారం భార్య రజితతో కలిసి వచ్చాడు. కూర్చోకుండానే చెప్పాడు.

"అక్కా, మస్కట్ పోతున్న. వీసా అచ్చింది."

"ఏం మాట్లాడుతున్నవ్? గోలీలెట్ల?"

"కార్ఖానా బందయ్యి నాలుగు నెలలైంది. నూలు లేదు, ఆర్డర్లు లేవు. మా గల్లీల ఇద్దరు పురుగుల మందు తాగి సచ్చిండ్రు. గీ బీమారితోని సావకుంట నువ్వు కాపాడుతున్నవు. గట్ల సావకుంట ఎవలు కాపాడుతరు?"

రజిత నా ముఖం వైపే చూస్తూ కూర్చుంది.

నెలకోసారి హైదరాబాదు నుంచి జగిత్యాలకు వచ్చే పెద్ద డాక్టరు దగ్గరకు వాళ్లను నేనే తీసుకెళ్లాను. ఆయన రిపోర్టులన్నీ చూశాడు. "మందు ఆగకపోతే పని చేసుకోవచ్చు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష మాత్రం చేయించాలి" అని చెప్పి, మూడు నెలల మందు రాసి, విమానాశ్రయంలో చూపించడానికి ఒక ఉత్తరం కూడా ఇచ్చాడు.

ఆ చీటీ పట్టుకుని వెళితే మేనేజరు సారు తల అడ్డంగా ఊపాడు. "రూలు నెలకే. మూడు నెలలది ఇయ్యద్దు."

"డాక్టరు రాసిండు సార్."

"డాక్టరు రాస్తడు. స్టాకుకు జవాబు చెప్పేది నేను."

ఆయన భోజనానికి వెళ్లాక నేను స్టాకు పుస్తకంలో స్పష్టంగా రాసి, సంతకం పెట్టి, మూడు నెలల గోలీలు రజిత చేతిలో పెట్టాను. దాచి ఇవ్వలేదు. పుస్తకంలో నా పేరు పెద్ద అక్షరాలతో ఉంది. దాచి ఇస్తే నేను తప్పు చేసినట్టు. నేను తప్పు చేయడం లేదు.

కొట్టేసిన పేరు

మల్లేశం మస్కట్‌లో రోడ్డు పనికి కుదిరాడు. ఏజెంటుకూ కంపెనీకీ జబ్బు సంగతి చెప్పలేదు. అది తప్పే. నేను అలా చెయ్యమనలేదు, అలాగని వద్దనీ గట్టిగా పట్టుబట్టలేదు. మూడు నెలలు ఫోనులో మాటలు బాగానే వచ్చాయి. సాయంత్రం అన్నం తిని, గ్లాసు నిండా నీళ్లతో మింగుతున్నానని చెప్పేవాడు. రెండో విడత గోలీలు కూడా అలాగే పుస్తకంలో రాసి రజితకు ఇచ్చాను, మస్కట్ పోతున్న పెగడపల్లి ఊరాయన ఒకరు డాక్టరు ఉత్తరంతో సహా తీసుకెళ్లి ఇచ్చాడు.

ఐదో నెలలో గొంతు మారింది. "మంచిగనే ఉన్నక్కా" అంటాడు, ఫోను పెట్టేస్తాడు. నాకు గంగవ్వ గుర్తొచ్చింది. ఒకరోజు ఫోను పెట్టేయనివ్వలేదు.

"మల్లేశం, నేను తిట్టను. ఎన్ని తప్పినయి?"

"మొత్తం బంద్ వెట్టిన అక్కా. ఆరు వారాలైతున్నది" అన్నాడు.

ఆ గోలీతో పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బుతుంది. ఇక్కడ ఉన్నప్పుడు రజిత నవ్వి ఊరుకునేది. అక్కడ ఫోర్‌మన్ నలుగురిలో పట్టుకుని, తాగి వస్తున్నావా అని అడిగాడు. మరోసారి ఇలా కనిపిస్తే పంపించేస్తానన్నాడు. మల్లేశం భయపడి గోలీలు పెట్టె అడుగున పెట్టేశాడు. ఒంట్లో బాగానే ఉంది కదా అనుకున్నాడు. ఈ రోగంతో వచ్చిన చిక్కే అది. మందు మానేసిన కొత్తలో ఏమీ తెలియదు.

"రేపే పోయి రక్తం చూపిచ్చుకో. రిపోర్టు ఫోటో తీసి పంపు" అన్నాను.

రిపోర్టు వచ్చింది. తెల్లకణాలు విపరీతంగా పెరిగిపోయాయి. మల్లేశం ఇంకో రెండు నెలలు ఉండి వస్తానన్నాడు. నేను బతిమాలాను, డాక్టరు చెప్పాడు, వినలేదు. చివరికి రజిత ఫోను తీసుకుంది. మా కేంద్రం వరండాలో నిలబడి, అందరికీ వినబడేలా మాట్లాడింది.

"నువ్వు ఆడ సస్తే నీ పీనుగును పెట్టెల తెప్పియ్యడానికి నేను ఆఫీసుల పొంట తిరగాలె. మా మేనమామది గట్లనే అచ్చింది, నేను సూసిన. నాకు పెట్టె వద్దు. నడుసుకుంట రా."

పది రోజుల్లో మల్లేశం వచ్చాడు. చిక్కిపోయాడు, ఎడమ డొక్కలో బరువుగా ఉందన్నాడు. పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చేయించి పాత గోలీ ఇక చాలదన్నాడు. కొత్తది రాశాడు. ఇది ఖాళీ కడుపుతో మింగాలి, దీనితోనూ కొందరికి కళ్లు ఉబ్బవచ్చన్నాడు.

ఆ చీటీతో మందులిచ్చే మా కిటికీ దగ్గరకు వస్తే, పట్టికలో మల్లేశం పేరును, నెలనెలా రాలేదని, ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన "మాట వినడు" అని రాసి ఉంది. మేనేజరు సారు చేతిరాత.

"కొత్తగ దరఖాస్తు పెట్టుకోవాలె. కమిటీ కూసున్నంక చూద్దం" అన్నాడు ఆయన.

"కమిటీ కూసునేదాక ఆయన రక్తం ఆగదు సార్."

"రూలు నాకు చెప్పకు సిస్టర్. నీతోనే ఇదంతా అయింది."

నేను మందుల గదిలోకి వెళ్లి నెల గోలీలు తీసి, పుస్తకంలో రాసి, మల్లేశానికి ఇచ్చాను. ఈసారి మేనేజరు సారు ఎదురుగానే ఇచ్చాను.

సంజాయిషీ

వారంలో నోటీసు వచ్చింది. హైదరాబాదు నుంచి ట్రస్టు సభ్యులు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. నన్ను పిలిచారు. రజితను ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది. వెనక మల్లేశం. బయట కూర్చోమంటే రజిత కూర్చోలేదు, తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"సారూ, గా కాయిదం మీద మా ఆయన పేరు పక్కపొంటి ఏం రాసిండ్రు? జర సదివి జెప్పుండ్రి."

సభ్యుల్లో పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. "మాట వినడు."

"ఎవల మాట?" అంది రజిత. "రెండేండ్లు ఒక్కనాడు తప్పకుంట మీ కిటికి కాడికి అచ్చిండు. కాళ్లు గుంజినా మింగిండు, కడుపుల తిప్పినా మింగిండు. సాంచాలు బందైనయి, బతుకపోయిండు. నెలనెలా మస్కట్ నుంచి ఇమానమెక్కి మీ కాడికి రావాల్నా? గీ అక్క ఒక్కతే ఎన్ని తప్పినయని అడిగింది. అడిగింది గాబట్టే ఇయ్యాల నడుసుకుంట అచ్చిండు. మీరు ఏం మాట జెప్పిండ్రు, ఆయన ఏం ఇనలే? గది జెప్పుండ్రి నాకు."

మేనేజరు సారు కిటికీలోంచి బయటకు చూశాడు. పెద్దాయన నా వైపు తిరిగి, "మీరు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వండి. జరిగినదానికి విచారిస్తున్నానని ఒక మాట రాస్తే ఇంతటితో వదిలేద్దాం" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

అక్కడే కాగితం అడిగి తీసుకుని రాశాను. "డాక్టరు రాసిన మందును డాక్టరు రాసినంత ఇచ్చాను. పుస్తకంలో నమోదు చేశాను. గంగవ్వ విషయంలో నేను విచారిస్తున్నాను, ఎందుకంటే ఆమెను అడగలేదు. మల్లేశం విషయంలో విచారించడం లేదు. మళ్లీ ఇలాంటి మనిషి వస్తే మళ్లీ ఇస్తాను."

ఎనిమిది నెలలు నన్ను కిటికీ దగ్గర నుంచి తీసి పాత కాగితాల గదిలో కూర్చోబెట్టారు. నేను ఏడవలేదని చెప్పను. అయితే ఆ ఎనిమిది నెలలు ఊరికే కూర్చోలేదు. "మాట వినరు", "మందు వాడరు" అని రాసి కొట్టేసిన కాగితాలన్నీ తీసి, ఒక్కొక్కరి ఫోను నంబరు వెతికి, ఎందుకు రాలేదో అడిగి, కాగితం మీద కారణం రాశాను. గల్ఫుకు పోయినవాళ్లు, ఇటుక బట్టీలకు పోయినవాళ్లు, తోడు వచ్చే మనిషి లేనివాళ్లు. కొందరు చనిపోయారు. మొండితనంతో మానేసినవాళ్లు కూడా ఉన్నారు, లేరనను. కానీ వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఆ కాగితాల కట్టను పెద్ద డాక్టరు చేతికి ఇచ్చాను. ఆయన దాన్ని ట్రస్టు వాళ్ల ముందు పెట్టాడు. మరుసటి ఏడాది, రిపోర్టులు నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నెలల మందు ఇవ్వవచ్చని, ఇంటివాళ్లు వచ్చినా ఇవ్వవచ్చని ఉత్తర్వు వచ్చింది. అందులో నా పేరు లేదు, రజిత పేరూ లేదు. ఉత్తర్వును గోడకు అంటించింది మేనేజరు సారే. అంటించి, నా వైపు చూడకుండా, "సోమవారం నుంచి కిటికీ దగ్గర కూసో సిస్టర్" అన్నాడు. కూర్చున్నాను.

అందుకే కొత్తగా వచ్చే పిల్లలకు ఒకటే చెబుతాను. మనిషి గోలీ మానేశాడంటే దాని వెనక ఒక కారణం ఉంటుంది. అది మీకు చిన్నదిగా కనబడవచ్చు, అతనికి బతుకంత ఉంటుంది. అది తెలుసుకోకుండా కాగితం మీద ఏమీ రాయకండి. రాయమని పైవాళ్లు అంటే, రాయనని చెప్పండి. ఉద్యోగం పోతుందేమోనని భయం వేస్తుంది. నాకూ వేసింది. భయపడుతూనే చెప్పండి.

మల్లేశానికి కొత్త గోలీ పడింది. రక్తం మెల్లగా దారికి వచ్చింది. సిరిసిల్లలో బడిపిల్లల యూనిఫారం బట్ట నేసే కార్ఖానాలో మళ్లీ పనికి కుదిరాడు. నేను ఉద్యోగం నుంచి దిగిపోయే ఏడు, ఒక శుక్రవారం మొగుడూ పెళ్లాలు ఇద్దరూ వచ్చారు. ఆర్డర్లు మళ్లీ తగ్గాయని, మస్కట్ పోతున్నానని మల్లేశం చెప్పాడు. నేను వద్దనలేదు. గోలీలు ఎవరి చేత పంపుతారో చెప్పమన్నాను.

"గిసారి దాసిపెట్టుడు లేదక్కా" అన్నాడు మల్లేశం. "కంపెనీవాళ్లకు ముంగటనే చెప్పిన. నాకు గీ బీమారి ఉన్నది, రోజు గోలీ మింగుత, మూడు నెలలకొకసారి రక్తం చూపిచ్చుకోను ఛుట్టీ కావాలె, పొద్దుగాల కండ్లు ఉబ్బితే తాగిండని అనొద్దు. గిట్లయితేనే అస్త, లేకుంటే రానన్న."

"ఏమన్నరు మరి?"

రజిత అందుకుంది. "ఏమంటరక్కా. రెండు దినాలు సప్పుడు జెయ్యలే. మూడోనాడు ఫోన్ జేసి రమ్మన్నరు."